గేర్‌కేస్ ప్రెషర్ టెస్టర్ కిట్: వాడాక నా మాట (5కి 3.5)

ఔట్‌బోర్డ్ మోటార్ (బోటు వెనకాల బయట తగిలించే ఇంజిన్) గేర్‌కేస్‌లో, అంటే నీళ్లలో మునిగే కింది గేర్ల పెట్టెలో, ఆయిల్ మార్చుదామని కింది స్క్రూ విప్పితే ఆయిల్ బదులు పాలలాంటిది కారింది. నీళ్లు దూరాయన్నమాట. మొదటిసారి ఎవరినీ అడక్కుండా ప్రాప్ షాఫ్ట్ సీల్సే (ప్రాపెల్లర్ ఇరుసు చుట్టూ నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగులు) పోయుంటాయి అనుకుని అవి మార్చేశా, ఎందుకంటే ప్రాపెల్లర్ వెనకాల గాలం దారం చుట్టుకుని కనిపించింది, అది సీల్ పెదవిని కోసేస్తుందని అందరికీ తెలిసిందేగా. నాలుగు ట్రిప్పులు తిరిగాక చూస్తే మళ్లీ అదే పాలు. అప్పుడు కొన్నా, గేర్‌కేస్‌లోకి గాలి కొట్టి లీకు ఎక్కడో పట్టే ఈ కిట్.

డబ్బాలో ఒక చేతి పంపు, డయల్ గేజ్, పారదర్శకంగా ఉండే గొట్టం, మూడు అడాప్టర్లు ఉన్నాయి. పంపు మీద చిన్న మీట తిప్పితే గాలి ఎక్కించడం కాస్తా గాలి లాగడం అవుతుంది, ఇది చాలా ముఖ్యం, రెండూ చెయ్యలేని కిట్ అయితే అసలు కొనొద్దు. ఎందుకంటే కొన్ని సీల్స్ లోపల్నుంచి గాలి తోస్తే షాఫ్ట్‌కి ఇంకా గట్టిగా అతుక్కుని బానే ఉన్నట్టు నటిస్తాయి, వాక్యూమ్ పెడితే, అంటే గాలి లాగితే గానీ అసలు రంగు బయటపడదు. పైగా బోటు నడిచి వేడెక్కిన గేర్‌కేస్ మోటార్ ఆపగానే చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నీళ్లని లాక్కుంటుంది, అంటే నిజంగా జరిగేది కూడా వాక్యూమే.

ఇక వాడకం. ఆయిల్ మొత్తం దించేసి, గేర్‌కేస్‌కి పైనా కిందా ఉండే రెండు ఆయిల్ రంధ్రాల్లో ఒకదానికి స్క్రూ కొత్త వాషర్‌తో బిగించి, ఇంకో దాన్లో అడాప్టర్ పెట్టా. 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కించగానే ముల్లు నెమ్మదిగా కిందకి దిగడం మొదలైంది, దొరికింది దొంగ అనుకున్నా. సబ్బు నీళ్లు కొడితే బుడగలు ఎక్కడ వచ్చాయో తెలుసా, గేర్‌కేస్‌లో కాదు, కిట్ గొట్టం గేజ్‌కి కలిసే చోట! లీకులు పట్టే సామానే లీకు, ఏం చెప్పాలి. క్లిప్ వేసి బిగించాక సరిపోయింది గానీ, అందుకే ఒక స్టార్ కోసేశా. మీరు కొంటే ముందు గొట్టం చివర వేలితో మూసి పంపు కొట్టి చూసుకోండి, లేకపోతే బాగున్న గేర్‌కేస్ విప్పి కూర్చుంటారు.

మళ్లీ 5కి, తర్వాత 10కి ఎక్కించి ఐదు నిమిషాలు ఆగా. కదల్లేదు. వాక్యూమ్ పెట్టినా ముల్లు కదల్లేదు. ఇక్కడే చాలామంది సంచి సర్దేస్తారు, నేనూ సర్దేవాణ్ణే. మాన్యువల్‌లో షాఫ్టులు తిప్పుతూ చూడమని ఉంది కదా అని ప్రాప్ షాఫ్ట్ తిప్పా, డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి కిందికి వచ్చే ఇరుసు) తిప్పా, ఏం లేదు. గేర్ మార్చే షిఫ్ట్ రాడ్ కదిపితే మాత్రం ముల్లు టక్‌మని ఒక గీత దిగింది. సబ్బు నీళ్లలో సన్నటి బుడగలు, రాడ్ కదిపినప్పుడే వస్తాయి, వదిలేస్తే ఆగిపోతాయి. లోయర్ యూనిట్ (గేర్‌కేస్ ఉండే కింది భాగం) ఊడదీసి బల్ల మీద పెట్టుకున్నా కాబట్టి కనిపించింది, బోటు మీదే ఉంటే కనపడేది కాదు. తప్పంతా ఆ రాడ్ చుట్టూ ఉండే, గట్టిపడిపోయిన బుల్లి ఓ-రింగ్‌ది (గుండ్రటి రబ్బరు రింగు), నేనేమో అనవసరంగా ప్రాప్ సీల్స్ మార్చుకున్నా.

గేజ్ గురించి ఒక మంచి మాట. ఇది 30 పీఎస్ఐ వరకే, కాబట్టి ఒక్క పాయింట్ దిగినా కంటికి ఆనుతుంది. 100 దాకా చూపించే గేజ్‌తో ఈ పని కాదు. మీ మోటార్ మాన్యువల్ చెప్పిన అంకె మాత్రం దాటొద్దు, అత్యాశకి పోయి కొడితే బాగున్న సీల్ కూడా లేచిపోతుంది. ఎండలో ఉన్న గేర్‌కేస్‌ని నీడలోకి తెచ్చిన వెంటనే కూడా చూడొద్దు, చల్లబడితే లీకు లేకపోయినా ముల్లు కొంచెం దిగుతుంది.

అడాప్టర్ల మరలు అన్ని కంపెనీల మోటార్లకీ పట్టవు, కొనేముందు మీ డ్రెయిన్ స్క్రూ కొలత చూసుకోండి. నాకు మూడింట్లో ఒక్కటే పట్టింది, దాని వాషర్ కూడా రెండోసారికే నలిగిపోయింది.

ఓ-రింగ్ మార్చి, ఆయిల్ కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో కారేదాకా ఎక్కించి, ముందు పై స్క్రూ తర్వాత కింది స్క్రూ బిగించా. అప్పట్నుంచి ఆరు ట్రిప్పులు. నిన్న కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టి చూశా, ఆయిల్ ఆయిల్ రంగులోనే ఉంది.