రేంజ్‌కీ వేటకీ ఒకే రైఫిల్: అడ్జస్టబుల్ ట్రిగ్గర్లు ఏళ్లపాటు వాడాక

ట్రిగ్గర్ అమ్మే అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది ఒకటే అంకె, కనిష్ఠ బరువు, అంటే పేలాలంటే వేలు పెట్టాల్సిన అతి తక్కువ బలం. పౌండున్నర, పౌండు, ఎనిమిది ఔన్సులు... ఎంత తక్కువైతే అంత గొప్ప అన్నట్టుంటుంది. కొనేవాళ్లూ చాలామంది ఆ అంకెకే పడిపోతారు. నా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి (ప్రతి తూటాకీ బోల్ట్ అనే గడియని చేత్తో లాగి మూసే రకం) కంపెనీ ఇచ్చిన ట్రిగ్గర్ తీసేసి మొదట ఒక సింగిల్ స్టేజ్, తర్వాత ఒక టూ స్టేజ్ (ఈ రెండింటి తేడా కింద చెబుతాను) బిగించి, రెండింటినీ ఇటు టార్గెట్ మీదా అటు అనుమతి ఉన్న వేటలోనూ ఏళ్లుగా వాడుతున్నాను. ఇప్పుడు నేను మొదట చూసేది వేరే: నాకు కావాల్సిన బరువు ఆ ట్రిగ్గర్ సర్దుబాటు పరిధిలో నడిమధ్య పడుతోందా, అంచున పడుతోందా?

కారణం చెబుతాను. బరువు స్క్రూ చేసే పనల్లా ఒక చిన్న స్ప్రింగుని బిగించడం, వదలడం. పేలాక ట్రిగ్గర్‌ని ముందుకు తోసి మళ్లీ సియర్ (తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే కొక్కెం) కింద నిలబెట్టేది కూడా చాలా డిజైన్లలో ఆ స్ప్రింగే. స్క్రూని చివరిదాకా వదిలేస్తే దాని బలం ఎంత సన్నగిల్లుతుందంటే, లోపల కాస్త దుమ్మో చిక్కబడ్డ నూనో ఉన్నా ట్రిగ్గర్ పూర్తిగా తన చోటికి రాదు. అప్పుడు బోల్ట్ మూస్తే సియర్ నిలవదు, లేదా సగం నిలుస్తుంది. రెండోది మరీ ప్రమాదం. అందుకే రెండున్నర పౌండ్ల దగ్గర పెట్టుకోవాలనుకునేవాడు పౌండున్నర నుంచి నాలుగు పౌండ్ల దాకా తిరిగేది కొనుక్కోవాలి. రెండున్నర పౌండ్ల దగ్గరే మొదలయ్యేది ఎంత ఖరీదైనదైనా ఆ పనికి తగదు. పౌండంటే దాదాపు 454 గ్రాములు, ఔన్సంటే 28.

అసలు మార్చడం ఎందుకంటే, నా రైఫిల్‌తో వచ్చిన ట్రిగ్గర్, గేజ్ (లాగే బరువు కొలిచే పరికరం) మీద ఐదు పౌండ్లు చూపించేది. అంటే నాలుగు కిలోల తుపాకీని కదలకుండా పట్టుకుని, ఒక్క వేలితో రెండుంబావు కిలోలు లాగాలి. అదైనా అలవాటు పడొచ్చు. ఓర్చుకోలేనిది క్రీప్. వేలు బిగించగానే ట్రిగ్గర్ వెంట్రుకవాసి కదిలి ఆగేది, ఇంకొంచెం నొక్కితే గరుకుగా జారి మళ్లీ ఆగేది, పేలేది ఎప్పుడో తెలిసేది కాదు. స్కోపులో క్రాస్‌హెయిర్ ఆ గరుకుతో పాటే వణికేది. మూడు పౌండ్ల గరుకు ట్రిగ్గర్ కంటే నాలుగు పౌండ్ల శుభ్రమైన ట్రిగ్గరే మేలని నాకు ఖాయంగా అర్థమైంది అక్కడే.

అన్ని ఫ్యాక్టరీ ట్రిగ్గర్లనీ ఒకే గాట కట్టనక్కర్లేదు. తుపాకుల కంపెనీ శావేజ్ వాళ్లు 2002లో తెచ్చిన ఆక్యుట్రిగ్గర్‌లో ట్రిగ్గర్ మధ్యన ఒక సన్నటి బ్లేడు ఉంటుంది. దాన్ని నొక్కకుండా సియర్ జారినా బ్లేడు అడ్డుపడి తుపాకీని పేలనివ్వదు. దాంతో మామూలు వాడకందారు కూడా భయం లేకుండా బరువు తగ్గించుకోగలిగాడు. టిక్కా టీ3ఎక్స్ రైఫిల్‌తో వచ్చే ట్రిగ్గర్ రెండు నుంచి నాలుగు పౌండ్ల మధ్య సర్దుకుంటుంది, నునుపుగానూ ఉంటుంది. ఇలాంటిది చేతిలో ఉన్నవాళ్లు కొత్త ట్రిగ్గర్‌కి పెట్టే డబ్బు తూటాలకు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక నేను వాడినవాటి సంగతి. సింగిల్ స్టేజ్‌లో వేలికి కదలికే తెలియదు. ఒత్తిడి పెరుగుతూ పోతుంది, ఒక చోట వదిలేస్తుంది, అంతే. లోపల రెండు ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి ఆని ఉంటాయి. ఆ ఆనిక ఎంత లోతుగా ఉంటే అంత భద్రం, అంత క్రీప్ కూడా. తయారీదార్ల కష్టమంతా ఈ తగువు తీర్చడానికే. కొందరు అంచుల్ని అద్దంలా నున్నగా చేస్తారు. ట్రిగ్గర్‌టెక్ వాళ్లు ఆ రెండింటి మధ్య ఒక చిన్న రోలర్ పెట్టారు. ఉక్కు ఉక్కు మీద రాసుకోవడానికి బదులు దొర్లుతుంది కాబట్టి, ఆనిక లోతు తగ్గించకుండానే క్రీప్ పోతుంది. వేలికి ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. నేను ఎక్కువగా వాడింది రోలర్ తరహాదే. ఏళ్ల వాడకం తర్వాత కూడా గేజ్ మీద అదే బరువు చూపిస్తోంది. దుమ్ము పట్టే రోజుల్లోనూ మొరాయించలేదు.

టూ స్టేజ్ పద్ధతి వేరు. మొదటి అంచెలో ట్రిగ్గర్ తేలిగ్గా కొంత దూరం వెనక్కి వస్తుంది, తర్వాత ఒక చోట అడ్డం తగులుతుంది. అక్కడ ఆగి, శ్వాస సర్దుకుని, గురి కుదిరాక ఇంకొంచెం నొక్కితే పేలుతుంది. మొత్తం బరువు రెండు అంచెలకీ పంచుకోవడం దీని కిటుకు. ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు వచ్చే గైస్‌లీ ఎస్ఎస్ఏ ట్రిగ్గర్‌లో మొదటి అంచె రెండున్నర, రెండో అంచె రెండు, కలిపి నాలుగున్నర పౌండ్లు. అమెరికాలో సైనిక తరహా తుపాకులతో జరిగే సర్వీస్ రైఫిల్ పోటీల్లో కనిష్ఠం నాలుగున్నర పౌండ్లే. నియమం తప్పకుండానే ఆఖరి నొక్కు రెండు పౌండ్లంత తేలిక. పాత మౌజర్ 98 సైనిక తుపాకుల్లో కూడా టూ స్టేజే ఉండేది. మామూలప్పుడు ఆనిక లోతుగా ఉండి భద్రం, మొదటి అంచె లాగాక మిగిలేది కొంచెమే.

కాగితం టార్గెట్ మీద పొజిషన్ షూటింగ్‌కి (నిలబడీ, మోకాలి మీదా, పడుకునీ కాల్చేదానికి) నా ఓటు టూ స్టేజ్‌కే. నిలబడి కాలుస్తున్నప్పుడు మొదటి అంచె లాగి ఆగగలగడం ఎంత వెసులుబాటో మాటల్లో చెప్పలేను. గురి చెదిరితే మెల్లగా వదిలి మళ్లీ మొదలెట్టొచ్చు. సింగిల్ స్టేజ్‌లో అలా సగం ఒత్తిడి వదిలేటప్పుడు నాకెప్పుడూ గుండె గొంతులోకి వస్తుంది.

వేటకొచ్చేసరికి నా లెక్క తారుమారయింది. చలికి వేళ్లు మొద్దుబారి, దళసరి గ్లవ్స్ వేసుకున్నప్పుడు మొదటి అంచె ఎక్కడ ఆగిందో తెలియదు. జంతువు అకస్మాత్తుగా బయటికొచ్చి రెండు మూడు క్షణాలే నిలబడితే ఆ అడ్డాన్ని వెతుక్కునే తీరిక ఉండదు. వేలు రెండు అంచెల్నీ ఒకే ఊపులో దాటేస్తుంది. దానికి తోడు నేను వాడిన టూ స్టేజ్ ట్రిగ్గర్ (పేరు అనవసరం) రీకాయిల్‌కి (పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకి) స్క్రూ వదులై, రెండో అంచె క్రమంగా మాయమైపోయింది. వేలికి ఒకే పొడుగాటి లాగుడు మిగిలింది. రేంజ్‌లో తెలిసింది కాబట్టి సరిపోయింది. థ్రెడ్ లాకర్ (స్క్రూని కదలకుండా పట్టే జిగురు) చుక్క వేసి మళ్లీ సర్దాక ఆ సమస్య రాలేదు గానీ, వేటకి మాత్రం దాన్ని తీసుకెళ్లడం మానేశాను.

వేటకి ఎంత బరువు పెట్టాలి? నా వేలికి రెండున్నర నుంచి మూడున్నర పౌండ్లు. పౌండున్నర దగ్గర బెంచ్ మీద హాయిగా ఉంటుంది కానీ, అదే బరువు గ్లవ్స్‌తో, ఆయాసంతో, గుండె దడతో తాకితే వేలు ఆనిన సంగతి తెలిసేలోపే పేలుతుంది. బెంచ్‌రెస్ట్ వాళ్లు (బల్ల మీద తుపాకీ ఆనించి పోటీపడేవాళ్లు) రెండు ఔన్సుల ట్రిగ్గర్లు వాడతారు, నిజమే. వాళ్ల రైఫిల్ బస్తాల మీద కదలకుండా కూర్చుంటుంది, గురి కుదిరాకే వేలు ట్రిగ్గర్ మీదికొస్తుంది. ఆ అంకెలు చూసి వేట రైఫిల్‌ని తేలిక చేయడం తెలివితక్కువ.

పోటీలకు వెళ్లేవాళ్లు కొనేముందు తమ విభాగం నియమం చూసుకోవాలి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ట్రిగ్గర్ బరువు పరిమితి లేదు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి మాత్రం కనిష్ఠం 1500 గ్రాములు. తనిఖీలో బారెల్‌ని నిలువుగా పెట్టి, ట్రిగ్గర్ మధ్యన బరువు తగిలించి లేపుతారు. కాబట్టి సరిగ్గా అంచు మీద పెట్టుకోకుండా కొంచెం ఎక్కువే ఉంచుకోవాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. రెమింగ్టన్ 700 తరహా రైఫిళ్లలో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) ట్రిగ్గర్ యూనిట్‌లోనే ఉంటుంది. అది ఆపేది సియర్‌ని, ఫైరింగ్ పిన్‌ని కాదు. విన్‌చెస్టర్ మోడల్ 70లోనైతే సేఫ్టీ బోల్ట్ వెనక ఉండి పిన్నునే పట్టి ఉంచుతుంది. అంటే 700 తరహా తుపాకీకి ట్రిగ్గర్ మార్చారంటే సేఫ్టీ కూడా మార్చినట్టే లెక్క. అందుకని బిగించాక పరీక్షించకుండా తూటా ఎక్కించకూడదు. చాంబరూ (తూటా కూర్చునే గది) మ్యాగజైనూ ఖాళీ అని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకుని, బోల్ట్ ఎత్తి మూసి కాక్ చేసి, బట్ (భుజానికి ఆనే చివర) అడుగున రబ్బరు సుత్తితో గట్టిగా తట్టాలి. బోల్ట్‌ని దూకుడుగా మూయాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి, వేలు తీసేసి, అప్పుడు సేఫ్టీ వదలాలి. వీటిలో ఏ ఒక్కసారి ఫైరింగ్ పిన్ పడిన క్లిక్ వినపడినా ఆ సెట్టింగు పనికిరాదు, బరువో ఆనికో పెంచాల్సిందే. సియర్ ఆనిక స్క్రూకి తయారీదారు సీలు వేసి ఉంటే దాని జోలికి పోకుండా తుపాకులు బాగుచేసే మనిషికి అప్పగించడం మేలు. ఇదంతా చాదస్తం అనిపిస్తే 2014 సంగతి చూడండి. రెమింగ్టన్ వాళ్లు ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న రైఫిళ్లను, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైనవాటిని, వెనక్కి పిలిచారు. కారణం అసెంబ్లీలో పడిన అదనపు జిగురు. ఫ్యాక్టరీలోనే అంత చిన్న విషయం అంత దూరం వెళ్లింది.

ట్రిగ్గర్ ఆకారం విషయంలో తగాదాలు చాలా వింటాం. చదునైన ట్రిగ్గర్ కిందికి పట్టుకుంటే మీట పొడుగవుతుంది కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది, పైకి పట్టుకుంటే బరువనిపిస్తుంది. వేలు రోజూ ఒకే చోట పడేవాళ్లకి అది బాగుంటుంది. నాకు వంపుదే ఇష్టం, గ్లవ్స్‌లో కూడా వేలు తనంతట తనే మధ్యకి జారుతుంది.

నిర్వహణ పెద్ద పనేం కాదు. లోపల నూనె పోయొద్దు, అది దుమ్ముని పట్టుకుంటుంది, చలికి చిక్కబడుతుంది. మాసిందనిపిస్తే లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి ఆరనిస్తాను. బారెల్ కడిగేటప్పుడు బోర్ గైడ్ (కడిగే కడ్డీని బారెల్‌లోకి నడిపే గొట్టం) వాడతాను, లేకపోతే కడిగే ద్రావకం కారి నేరుగా ట్రిగ్గర్‌లోకి దిగుతుంది. గేజ్ మాత్రం కొనుక్కోండి. ఐదుసార్లు లాగి సగటు చూడండి, ఆ ఐదింటి మధ్య తేడా ఎంతో సగటు కంటే శ్రద్ధగా చూడండి. తేడా రెండు మూడు ఔన్సులు దాటుతుంటే బరువు ఎంత తక్కువ చూపించినా ఆ ట్రిగ్గర్ నాకొద్దు.

ప్రస్తుతం వేటకీ రేంజ్‌కీ తిరిగే రైఫిల్ మీద రోలర్ తరహా సింగిల్ స్టేజ్ ఉంది, రెండుముప్పావు పౌండ్ల దగ్గర, స్క్రూ మీద గోళ్లరంగు చుక్కతో. టూ స్టేజ్ కేవలం కాగితం మీద కాల్చే బరువైన రైఫిల్‌కి వెళ్లింది. ఒకే తుపాకీ, ఒకే ట్రిగ్గర్ కొనగలిగేవాళ్లు సింగిల్ స్టేజే తీసుకోండి.