ప్రెయిరీ పూల గుర్తింపుకు ఐనాచురలిస్ట్: ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా

అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాల్లో పరుచుకున్న ఎత్తుగడ్డి ప్రెయిరీలో (గడ్డి మైదానంలో) ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం కూడా లేదు. అందులోనూ ఎక్కువ భాగం కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది. మిగతాచోట్ల పాత శ్మశానాల అంచున, రైలు పట్టాల పక్కన చిన్న చిన్న ముక్కలుగా బతుకుతోంది. అలాంటి ముక్క ముందు నిలబడి "ఇదేం పువ్వు?" అని అడగాలనిపించినవాళ్లకు చేతిలో ఉండాల్సిన సాధనం ఐనాచురలిస్ట్, ఫొటో చూసి మొక్క పేరు సూచించే యాప్. ఉచితం, ప్రకటనలు ఉండవు. 2008లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2023 నుంచి స్వతంత్ర లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. ప్రెయిరీ మొక్కల విషయంలో ఈ యాప్ ప్రజాతిని (జీనస్) చాలా బాగా పట్టుకుంటుంది. జాతి (స్పీషీస్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా మనమిచ్చే ఫొటోల మీద ఉంటుంది. పువ్వుకు ఎదురుగా నిలబడి తీసిన ఒక్క అందమైన ఫొటోతో "సాలిడాగో" (గోల్డెన్‌రాడ్) అని తెలుస్తుంది, ఏ సాలిడాగో అన్నది తెలియదు. ఎందుకంటే ప్రెయిరీలో జాతిని తేల్చే గుర్తులు చాలావరకు పువ్వు ముఖంలో ఉండవు. పువ్వు వెనక, ఆకు కింద, కాండం మొదట్లో ఉంటాయి.

కాబట్టి ప్రతి మొక్కకూ కనీసం అయిదు ఫొటోలు తీయండి. చుట్టుపక్కల గడ్డితో సహా మొక్క మొత్తం ఒకటి. పువ్వు ఎదురుగా ఒకటి. పువ్వును పక్క నుంచి, వీలైతే కింద నుంచి ఒకటి. చామంతి కుటుంబంలో రేకుల కింద గిన్నెలా అమరే పచ్చని పొలుసులు ఇందులో స్పష్టంగా పడాలి. కాండానికి ఆకు అతుక్కున్న చోటు ఒకటి, అదే ఆకును తిప్పి వెనకవైపు మరొకటి. నేలను ఆనుకున్న ఆకులు వేరే ఆకారంలో కనిపిస్తే ఆరోది కూడా తీయాలి. కొలత తెలిసేలా ఒక ఫొటోలో చిన్న స్కేలు పక్కన పెడితే తర్వాత చూసేవాళ్లకు పని సులువవుతుంది.

ఇవన్నీ ఒకే అబ్జర్వేషన్‌లో, అంటే ఒక మొక్క పేరిట యాప్‌లో చేసే ఒకే నమోదులో, చేర్చాలి. అయిదు ఫొటోలను అయిదు అబ్జర్వేషన్లుగా ఎక్కించడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. యాప్ ఒకసారికి ఒక ఫొటోనే చూసి సూచనలిస్తుంది. అందుకని మొదటి ఫొటోగా ఒకే మొక్క నిండుగా కనిపించేది, దగ్గరగా కత్తిరించింది పెట్టండి. పది రకాల పూలున్న మైదానం ఫొటో ముందు పెడితే అది దేని గురించి చెబుతోందో మనకే అర్థం కాదు. తర్వాత ఆకు ఫొటో మీద కూడా సూచన అడిగి చూడండి. పువ్వుకూ ఆకుకూ ఒకే పేరు వస్తే నమ్మకం పెరుగుతుంది. వేర్వేరు పేర్లు వస్తే ప్రజాతి స్థాయిలో ఆగండి. అలా ఆగడం వల్ల నష్టమేమీ లేదు, తప్పు జాతి పేరు పెట్టడం కన్నా అదే మంచి సమాచారం. ఇంకో సంగతి: ఎక్కించిన ఫొటో పొడవైన వైపు 2048 పిక్సెళ్లకు కుదించబడుతుంది. పెద్ద ఫొటోలో మూలన ఉన్న చిన్న పువ్వు ఆ కుదింపులో మాయమైపోతుంది కాబట్టి కత్తిరించాకే ఎక్కించండి.

ఇక కాలం వెంట వెళ్దాం.

ఏప్రిల్లో గడ్డి ఇంకా లేవకముందే పాస్క్ పువ్వు నేలబారుగా, ఒళ్లంతా వెండి నూగుతో వస్తుంది. దీన్ని గుర్తించడంలో యాప్ తప్పదు. మే నెలలో ఎర్రగా తలవంచుకుని, మూడేసి పూలుగా కనిపించే ప్రెయిరీ స్మోక్ కూడా అంతే. విత్తనాలు పొగమంచులాంటి గులాబి కుచ్చులయ్యాక కూడా గుర్తుపడుతుంది. చిక్కంతా ఊదారంగు వయొలెట్‌లతో. వయోలా పెడాటా, వయోలా పెడాటిఫిడా రెండింటి ఆకులూ పక్షి పాదంలా చీలి ఉంటాయి. పెడాటిఫిడా పువ్వు లోపలి గొంతు దగ్గర రేకుల మీద తెల్లని నూగు కనిపిస్తుంది. పెడాటాలో ఆ నూగు ఉండదు, నారింజ రంగు కేసరాల కొనలు బయటికి పొడుచుకు వస్తాయి. పై నుంచి కాకుండా పువ్వు ఎత్తుకు దిగి, నేరుగా గొంతులోకి తీసిన ఫొటో ఒక్కటి చాలు, తేలిపోతుంది.

అదే నెలలో పసుపు గొడుగులు విప్పే జిజియాల సంగతి వేరు. కొత్తిమీర పూత చూసినవాళ్లకు ఈ గొడుగు అమరిక కొత్త కాదు. పువ్వు ఫొటో మాత్రమే ఇస్తే జిజియా ఆరియా, జిజియా ఆప్టెరా రెండూ జాబితాలో వస్తాయి. అడుగు ఆకులు చూడండి: ఆప్టెరాకు హృదయాకారంలో ఒకే ఆకు, ఆరియాకు చీలి చీలి పోయిన సంయుక్త పత్రం. ఇక్కడే జాగ్రత్త కూడా చెప్పాలి. జూన్ నుంచి ఇదే పసుపు గొడుగుతో, గాళ్లు పడ్డ లావు కాండంతో, మనిషి ఎత్తున వచ్చే వైల్డ్ పార్స్‌నిప్ బయటి నుంచి వచ్చి చొరబడ్డ మొక్క. దాని రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. పేరు తేలేదాకా పసుపు గొడుగు ఆకుల్ని వట్టి చేత్తో తిప్పకండి.

జూన్‌లో ట్రాడెస్కాన్షియా నీలి పూలకు పొద్దున్నే వెళ్లాలి, వేడి రోజుల్లో మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి. రేకుల కింది రక్షకపత్రాలు నున్నగా ఉంటే ఒహాయెన్సిస్, నూగుతో జిగురుగా ఉంటే బ్రాక్టియాటా. ఎకినేసియాల్లో పాలిడా, అంగుస్టిఫోలియా రెండూ రేకులు కిందికి వాల్చుకుని ఉంటాయి. కాన్సస్‌లో రెండూ దొరుకుతాయి కాబట్టి ప్రాంతాన్ని బట్టి ఊహించడం కుదరదు. పుప్పొడి రంగు దగ్గరగా తీయండి: పాలిడాది సాధారణంగా తెలుపు, అంగుస్టిఫోలియాది పసుపు. పాలిడా రేకులు పొడవు కూడా, 4 సెంటీమీటర్లు దాటి వేలాడతాయి. అప్పుడే విప్పిన పువ్వులోనే పుప్పొడి చక్కగా కనిపిస్తుంది, వాడినదాంట్లో వెతికి లాభం లేదు.

మన జిల్లేడు కుటుంబానికి చెందిన ఎస్క్లెపియాస్‌లు కూడా ఈ నెలలోనే విచ్చుకుంటాయి. నారింజ రంగు ట్యూబరోసా సులువు. దాన్ని తుంచితే పాలు కూడా కారవు, కానీ తుంచి చూడొద్దు, ఫొటో చాలు. కష్టం సిరియాకా, సలివాంటీల మధ్య. రెండూ గులాబి గుత్తులే. ఆకు వెనక మెత్తని నూగుంటే సిరియాకా. ఆకు రెండు వైపులా నున్నగా ఉండి నడిమి ఈనె గులాబి ఛాయలో ఉంటే సలివాంటీ. రెండోది మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో ముప్పులో ఉన్న మొక్కగా రక్షణ పొందుతోంది. ఆకు వెనక ఫొటో తీయకపోవడం వల్ల అరుదైన మొక్క మామూలుదానిగా నమోదైతే ఆ చోటును కాపాడేవాళ్లకు కబురే అందదు. ఈ ఒక్క కారణానికైనా ఆకు తిప్పి తీయండి.

జూలై, ఆగస్టు నెలలు ఊదా పూల కంకులతో నిలబడే లయాట్రిస్‌లవి. కంకి పై నుంచి కిందికి పూయడం వీటి ప్రత్యేకత కాబట్టి కొన వాడిపోయినా నిరాశపడక్కర్లేదు, కింది మొగ్గల్లోనే గుర్తులు తాజాగా ఉంటాయి. పొలుసుల కొనలు మొనదేలి వెనక్కి వంగితే పిక్నోస్టాకియా. మొద్దుగా, పూతలకు అంటిపెట్టుకుని ఉంటే స్పికాటా. గుండ్రంగా, ఉబ్బెత్తుగా, అంచుల్లో పల్చని పొరతో, గుండీల్లా విడివిడిగా ఉన్న పూతలైతే ఆస్పెరా. యాప్ ఈ మూడింటినీ కలిపి చూపిస్తుంది. పక్క నుంచి తీసిన దగ్గరి ఫొటో ఉంటే మనుషులు నిమిషంలో తేల్చేస్తారు. సిల్ఫియంలలో మాత్రం యాప్ చాలా గట్టిది: ఉత్తర దక్షిణాలకు ఆకులు నిలబెట్టే లాసినియాటం, కాండం చుట్టూ ఆకులు కలిసి గిన్నెలా నీళ్లు పట్టే పర్ఫోలియాటం రెండూ ఆకు ఫొటోతోనే వచ్చేస్తాయి.

ఆగస్టు చివరి నుంచి సాలిడాగోలు, ఆస్టర్లు. ఈ యాప్‌కు అసలు పరీక్ష ఇదే. పైన బల్లపరుపుగా పూసి, బూడిద పచ్చని దళసరి ఆకులుండే రిజిడా తేలిక. పిరమిడ్ గుత్తుల కెనడెన్సిస్, ఆల్టిస్సిమా, జైగాంటియాలకు మాత్రం యాప్ ఇచ్చే మొదటి పేరు నొక్కేయకండి. కాండం నున్నగా, తెల్లని పొడి పూసినట్టుంటే జైగాంటియా. మిగతా రెండింటికీ పూత గిన్నె పొడవు కొలవాలి: సుమారు 2–3 మిల్లీమీటర్లు కెనడెన్సిస్, 3–4 ఆల్టిస్సిమా. ఇందుకే స్కేలు. కొలత లేకపోతే "సాలిడాగో" అని వదిలేయడమే నిజాయితీ. ఆస్టర్లలో నోవీ ఆంగ్లియే ఆకుల అడుగు కాండాన్ని పట్టుకుని ఉంటుంది, పొలుసులు జిగురు నూగుతో ఉంటాయి. ఎరికాయిడెస్ పొలుసుల కొనకు చిన్న ముల్లు ఉంటుంది.

యాప్ పేరు చెప్పాక అసలు సేవ మొదలవుతుంది, దీన్నే నేను ఎక్కువగా మెచ్చుకుంటాను. అబ్జర్వేషన్‌ను ఇతరులు చూసి తమ అభిప్రాయం చెబుతారు. మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది జాతి స్థాయిలో ఏకీభవిస్తే అది పరిశోధన స్థాయికి (రీసెర్చ్ గ్రేడ్) చేరుతుంది. లైసెన్సు అనుమతిస్తే అక్కడి నుంచి ప్రపంచ జీవవైవిధ్య సమాచార కేంద్రానికి వెళుతుంది. లోపం కూడా ఇక్కడే ఉంది. ఇద్దరు చాలు కాబట్టి, యాప్ సూచించిన పేరును ఒకరు పెట్టి, ఇంకొకరు మర్యాదకు "అగ్రీ" నొక్కితే తప్పు కూడా పరిశోధన స్థాయికి ఎక్కేస్తుంది. మీ మొక్కకు ఎవరైనా పేరు చెప్పినప్పుడు, ఆ గుర్తులు మీ కంటితో చూసి నమ్మితేనే అగ్రీ నొక్కండి. కృతజ్ఞత చెప్పాలంటే వ్యాఖ్యలో రాయండి.

పునరుద్ధరించిన ప్రెయిరీల్లో ఇంకో చిక్కు. ఇల్లినాయ్‌లోని మిడెవిన్ ఒకప్పటి మందుగుండు కర్మాగారం నేల, అయొవాలోని నీల్ స్మిత్ శరణాలయం ఒకప్పటి పొలాలు. ఇలాంటిచోట మనుషులు నాటిన మొక్కను "పెంచినది" అని గుర్తుపెట్టాలి. దాని విత్తనం తనంతట రాలి మొలిచిన మొక్క మాత్రం అడవిదే. ఏది ఏదో తెలియకపోతే అక్కడి సిబ్బందిని అడిగి ఆ మాట వివరణలో రాయండి.

అరుదైన మొక్కల స్థానాన్ని యాప్ తానే మరుగుపరుస్తుంది, ఇది గొప్ప సదుపాయం. 1989 నుంచి ఫెడరల్ రక్షణలో ఉన్న వెస్టర్న్ ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్‌ను నమోదు చేస్తే బయటివాళ్లకు అసలు బిందువు కాకుండా అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. వివరణలో మీరే దారి గుర్తులు రాసేస్తే మాత్రం ఆ రక్షణ వృథా.

ఫొటో తీయడంలో ప్రెయిరీ పెట్టే పెద్ద ఇబ్బంది గాలి. సూర్యోదయం తర్వాత మొదటి గంటలో అది బాగా తక్కువగా ఉంటుంది, పైగా వెలుగు మెత్తగా ఉంటుంది. కెమెరాతో అయితే గుర్తింపు కోసం అపర్చర్ ఎఫ్8 నుంచి ఎఫ్11, షటర్ 1/250 కన్నా తగ్గకుండా, పొడవైన కంకులకు 1/500 పెట్టి, ఐఎస్ఓ పెరిగినా పెరగనివ్వండి. కాస్త గరుకు ఫొటో పనికొస్తుంది, కదిలిన ఫొటో పనికిరాదు. పసుపు, ఊదా పూలు మండుటెండలో రంగు తెగిపోయి ముద్దగా వస్తాయి, ఎక్స్‌పోజర్ 0.7 స్టాప్ తగ్గించండి. ఫోన్ సన్నని కాండాన్ని వదిలి వెనక గడ్డి మీద ఫోకస్ పెడుతుంది. పువ్వు వెనక అరచేయి పెట్టి ఫోకస్ లాక్ చేసి, చేయి తీసి నొక్కండి. జీపీఎస్ లేని కెమెరా వాడితే అదే చోట ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే స్థానం పోదు. సిగ్నల్ అందనిచోట అదే సంస్థ ఇచ్చే సీక్ యాప్ ఫోన్‌లోనే పనిచేస్తుంది. ఖాతా అక్కర్లేదు, పిల్లలకూ అనువు, కానీ మనుషుల పరిశీలన అందులో లేదు.

ఏ పువ్వు ఎప్పుడు పూస్తుందో చూడాలంటే జాతి పేజీలోని నెలవారీ గ్రాఫ్ తెరవండి. ముందు ప్రాంతాన్ని మీ రాష్ట్రానికో కౌంటీకో కుదించండి, లేకపోతే టెక్సస్ వసంతం, మిన్నెసోటా వసంతం కలిసిపోయి నెలలు తారుమారవుతాయి. ఆ గ్రాఫ్ సరిగా రావాలంటే మనం ఎక్కించిన ప్రతి మొక్కకూ మొగ్గ, పువ్వు, కాయ అన్న గుర్తు పెట్టాలి. చాలామంది వదిలేసే పని ఇది, పట్టుమని పది సెకన్లు కూడా పట్టదు. సెప్టెంబరు చివర్లో బాటిల్ జెన్షియన్ దగ్గర ఇది బాగా అవసరమవుతుంది. జెన్షియానా ఆండ్రూసీ పూర్తిగా విచ్చుకున్నప్పుడు కూడా మూసుకునే ఉంటుంది, బంబుల్ తేనెటీగ బలంగా తోసుకుని లోపలికి వెళుతుంది. దాన్ని మొగ్గ అని గుర్తుపెట్టకండి, పువ్వు అనే పెట్టండి. కొనను దగ్గరగా తీస్తే రేకుల మధ్య తెల్లని కుచ్చు అంచు కనిపిస్తుంది, జాతి గుర్తు కూడా అదే.