హైదరాబాద్ నుంచి డాలస్‌కి: 22,000 మిగిల్చిన టికెట్టు

డాలస్ ఎంత దూరంరా అని అమ్మ అడిగితే 14,400 కిలోమీటర్లు అన్నాను. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే అంతే. ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. అలా నేరుగా పోయే విమానం మనకి లేదు, ఎక్కడో దిగి మారాల్సిందే. మేము రెండుచోట్ల మారాం. అంతా మా ఏజెంట్ పుణ్యం.

జూన్‌లో అమ్మని చెల్లి దగ్గర దింపడానికి బయల్దేరాం. దోహా మీదుగా కన్నా ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇద్దరికీ కలిపి 22,000 మిగులుతుంది అన్నాడాయన. సరే అన్నాను. ఢిల్లీ వరకూ వేరే టికెట్ అని చెప్పాడు కానీ దాని అర్థం ఏమిటో చెప్పలేదు.

అర్థం శంషాబాద్ కౌంటర్ దగ్గర తెలిసింది. అమెరికాకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. దేశంలో తిరిగే విమానంలో మనిషికి 15 కిలోలే. మా దగ్గర 92 కిలోలు ఉన్నాయి, 30కి మించి ఒప్పుకోరు. డాలస్ టికెట్ చూపించి బతిమాలాను. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద లేవు, కుదరదన్నారు. కిలోకి 600 చొప్పున 62 కిలోలకి 37,200 కట్టాను. పచ్చళ్ళ పెట్టె వెనక్కి పంపేద్దామా అని అడిగితే అమ్మ చూసిన చూపు నాకింకా గుర్తుంది. చెల్లి అడిగిన గోంగూర అందులోనే ఉంది మరి. ఢిల్లీ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

అక్కడా సుఖం లేదు. నాలుగు పెట్టెలూ మనమే తీసుకుని, టెర్మినల్ 1 నుంచి 3కి షటిల్ బస్సులో వెళ్ళి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. సాయంత్రం ఆరుంబావుకి దిగితే తర్వాతి విమానం తెల్లవారుజామున మూడింటికి. డాలస్‌లో దిగేసరికి ఇంటి దగ్గర విమానం ఎక్కి 36 గంటలు. అందులో గాల్లో ఉన్నది 22 గంటల పైచిలుకే, మిగతాదంతా కుర్చీల్లో పడిగాపులు.

వీల్‌చైర్ మాత్రం ముందే చెప్పి పెట్టాను, అదొక్కటే నేను చేసిన మంచి పని. పైసా తీసుకోరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ తోసే ఆయన అమ్మని సెక్యూరిటీ క్యూలన్నీ దాటించి గేటు దగ్గర కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాడు. అమ్మ ఆయనకి తెలుగులో దీవెనలిచ్చింది.

నెల తర్వాత నేనొక్కడినే దోహా మీదుగా వచ్చాను. డాలస్ నుంచి దోహా పద్నాలుగున్నర గంటలు, రెండున్నర గంటలు ఆగి, ఇంకో నాలుగు గంటల్లో శంషాబాద్. మొత్తం 21 గంటలు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి కాబట్టి ఇదే దారిలో ఇంకో గంటో రెండో ఎక్కువ పడుతుంది, అంతే. ఇంటికొచ్చి కూడితే నవ్వొచ్చింది: ఫ్రాంక్‌ఫర్ట్ దారీ దోహా దారీ రెండూ దాదాపు 15,650 కిలోమీటర్లే!

కాబట్టి టికెట్ మీద దూరం, గాల్లో గంటలు చూడకండి. ఇల్లు వదిలి ఇల్లు చేరే గంటలు లెక్కేయండి. మొత్తం ఒకే పీఎన్‌ఆర్‌లో ఉందా, పెట్టెలు చివరిదాకా వాళ్ళే చేరుస్తారా అని అడగండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. శాకాహారులైతే భోజనం ముందురోజుకల్లా బుక్ చేసుకోండి.

అమ్మకి డిసెంబర్‌లో రావడానికి దోహా టికెట్టే తీశాను. ఏజెంట్ ఫోన్ చేసి ఇంకా చవకది ఉందన్నాడు. అమ్మకే నంబరిచ్చి మాట్లాడుకోమన్నాను.