ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్: ఏ పద్ధతి మేలు?

ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను తీసివేయకుండా లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవచ్చా అన్నది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. పెట్టుకోవచ్చు, అందుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. డిస్కును విభజించి రెండింటినీ విడివిడిగా ఇన్‌స్టాల్ చేసి, ఆన్ చేసిన ప్రతిసారీ ఏది కావాలో ఎంచుకోవడం డ్యూయల్ బూట్. విండోస్ నడుస్తుండగానే వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేరు లోపల లినక్స్‌ను నడపడం వర్చువల్ మెషీన్ పద్ధతి. మూడవది విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాములను నడపడానికి, విండోస్‌లో భాగంగా మైక్రోసాఫ్టే అందిస్తున్న డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్). సీనియర్లు మొదట చెప్పేది సాధారణంగా డ్యూయల్ బూట్ గురించే. నా ఉద్దేశంలో మాత్రం దానిని అన్నిటికంటే చివర ఆలోచించాలి.

డ్యూయల్ బూట్‌కు ఉన్న బలం ఒక్కటే అయినా అది చిన్నది కాదు: ఏది నడుస్తున్నా దానికి ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా దక్కుతాయి. 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో రెండూ సవ్యంగా నడవాలంటే ఇంతకు మించిన దారి లేదు. అయితే లినక్స్‌లో ప్రోగ్రాము రాస్తూ మధ్యలో వర్డ్ ఫైలు ఒకటి సరిచేయవలసి వస్తే, తెరిచినవన్నీ మూసి రీస్టార్ట్ చేయాలి. ఈ విసుగుతోనే చాలామంది కొన్నాళ్లకు ఒకవైపే ఉండిపోతారు, రెండోదానికి కేటాయించిన డిస్కు వృథాగా పడి ఉంటుంది.

చిక్కులు కూడా ఈ పద్ధతిలోనే ఎక్కువ. లినక్స్ కంప్యూటరు గడియారంలో యూటీసీ సమయాన్ని (మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ అక్కడ ఉన్నది స్థానిక సమయమే అనుకుంటుంది. అందుచేత లినక్స్‌లో పని ముగించి విండోస్‌లోకి వచ్చినవారికి మధ్యాహ్నం 3 గంటలప్పుడు తెరమీద ఉదయం 9:30 కనబడుతుంది. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయిందని రిపేరు దుకాణానికి పరుగెత్తనక్కర లేదు, స్థానిక సమయమే వాడమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ సంగతీ ఇటువంటిదే: అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నెల్ (వ్యవస్థ మూలభాగం) స్థితిని డిస్కులో దాచుకుంటుంది, ఫలితంగా లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయడం కుదరకపోవచ్చు.

వీటికంటే పెద్ద ప్రమాదం డిస్కు ఎన్‌క్రిప్షన్‌తో, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో డేటాను దాచడంతో, వస్తుంది. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయినప్పుడు ఎన్‌క్రిప్షన్ చాలా వాటిలో తనంతట తానే ఆన్ అవుతుంది. తరువాత లినక్స్ కోసం బూట్ సెట్టింగులు మారిస్తే నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగానే ఉంటుంది కానీ, ల్యాప్‌టాప్ అమ్మిన కుర్రవాడు అప్పటికప్పుడు సృష్టించి ఇచ్చిన ఖాతా అయితే దాని పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. కీని ముందుగా కాగితం మీద రాసుకోనివారు పార్టిషన్ (డిస్కు విభజన) జోలికి పోకపోవడమే మంచిది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఉన్నవారికీ అదే మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి సంగతి అటుంచి, మామూలు గాలివానకే కరెంటు పోయే ఊళ్లలో పార్టిషన్ పరిమాణం మారుస్తుండగా సరఫరా ఆగితే డేటా పోవచ్చు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ ఎన్నో డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ బూట్ కాకుండా చేసింది.

వర్చువల్ మెషీన్‌లో ఈ భయాలు లేవు. లినక్స్ మొత్తం ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది, పాడైతే తొలగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నెట్‌వర్కింగ్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకునేవారికి ఇదే తగినది. అడ్డంకి ర్యామ్ దగ్గర వస్తుంది: 8 జీబీలో సగం లినక్స్‌కు ఇస్తే రెండూ నత్తనడక నడుస్తాయి, 16 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది.

కోడింగ్ మాత్రమే అవసరమైన విద్యార్థికి నేను సూచించేది డబ్ల్యూఎస్‌ఎల్. దాని రెండవ రూపంలో నిజమైన లినక్స్ కెర్నెలే తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది, ఒకే ఆదేశంతో ఇన్‌స్టాల్ అవుతుంది, విండోస్ 11లో తెరమీద కిటికీలు తెరిచే లినక్స్ ప్రోగ్రాములు కూడా పనిచేస్తాయి. ఒక మెలకువ పాటించాలి: ప్రాజెక్టు ఫైళ్లను సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ నుంచి వాడితే పని చాలా నెమ్మదిస్తుంది, కాబట్టి వాటిని లినక్స్ హోమ్ ఫోల్డరులోనే పెట్టుకోవాలి. యూఎస్‌బీ పరికరాలతో నేరుగా పని ఉన్నవారికీ, లినక్స్ డెస్క్‌టాప్‌నే రోజంతా వాడదలచినవారికీ ఇది చాలదు. డ్యూయల్ బూట్ అవసరం నిజంగా మొదలయ్యేది వారికే.

కంప్యూటరు మీద పేజీలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే డీటీపీ దుకాణాల లెక్క వేరు. శుభలేఖలు, కరపత్రాలు వేసే చోట పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగుకు వాడే అను ఫాంట్లు ఇప్పటికీ తిండి పెడుతున్నాయి. అవి విండోస్ సాఫ్ట్‌వేర్లు. అను ఫాంటులో కొట్టిన పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాల ప్రమాణం) కాదు కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ముద్దగా కనబడుతుంది. ఏళ్ల తరబడి పోగైన పాత ఫైళ్లను వదులుకొమ్మని ఎవరూ చెప్పలేరు. మరోవైపు విండోస్ 10కు సాధారణ మద్దతు (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లు దాదాపు అన్నీ విండోస్ 11 అర్హతకు బయటే ఉన్నాయి.

ఇటువంటి కంప్యూటరులో క్రమాన్ని తిరగవేయడం మేలని నా అభిప్రాయం. ర్యామ్‌ను 8 జీబీకి పెంచి (పేజ్‌మేకర్ తేలికైనది కనుక ఈ పనికి అది సరిపోతుంది), హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, అసలు వ్యవస్థగా లినక్స్‌లో ఒక రకమైన మింట్ పెట్టుకొని, పాత విండోస్‌ను దాని లోపల వర్చువల్ మెషీన్‌గా ఇంటర్నెట్ లేకుండా నడపాలి. మెయిల్, వాట్సాప్, ఖాతాదారులు తెచ్చే పెన్ డ్రైవ్‌లు లినక్స్ వైపు ఉంటాయి, పేజ్‌మేకర్ పని లోపల జరిగి పీడీఎఫ్‌గా షేర్డ్ ఫోల్డరులోకి వస్తుంది. ఇక్కడ డ్యూయల్ బూట్ పనికిరాదు, ఎందుకంటే ప్రూఫ్‌ను వాట్సాప్‌లో పంపి, దిద్దుబాట్లు అందుకొని వెంటనే సరిచేయవలసిన మనిషి గంటకు పదిసార్లు రీస్టార్ట్ చేయలేడు. కంప్యూటరుతో వచ్చిన విండోస్ లైసెన్సు వర్చువల్ మెషీన్‌కు సాధారణంగా వర్తించదు కాబట్టి ఆ ఖర్చును ముందే లెక్క వేసుకోవాలి. సాఫ్ట్‌వేరుకు డాంగిల్ (అది పనిచేయాలంటే కంప్యూటరుకు తగిలించవలసిన చిన్న పరికరం) ఉన్నట్లయితే, పాత విండోస్‌ను చెరపడానికి ముందే ఆ డాంగిల్‌ను వర్చువల్ మెషీన్ గుర్తిస్తుందో లేదో వేరే కంప్యూటరులో పెట్టి చూసుకోవాలి.