క్రూజ్ షిప్పుల్లో స్విమ్మింగ్ పూల్స్ ఎలా ఉంటాయి: ఎనిమిది ట్రిప్పుల తర్వాత నా రివ్యూ

మేం హ్యూస్టన్‌లో ఉంటాం, గాల్వెస్టన్ పోర్టు మా ఇంటి నుంచి కార్లో గంటంపావు, అందుకే 2014 నుంచి ఇప్పటిదాకా ఎనిమిది క్రూజులకి వెళ్ళాం, ఎక్కువగా మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురస్‌లోని రోవటాన్ వైపు, ఒకసారి మాత్రం సియాటిల్ నుంచి అలాస్కా. వారానికి మూడు రోజులు మా కమ్యూనిటీ పూల్‌లో ఈత కొట్టే అలవాటు నాకు, అందుకే ఏ షిప్ ఎక్కినా బ్యాగులు కింద పెట్టకముందే పూల్ చూసి వస్తా. చుట్టాల్లో, ఫ్రెండ్స్‌లో ఎవరు క్రూజ్ బుక్ చేసుకున్నా ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే, పూల్ ఎలా ఉంటుంది, పిల్లలకి బాగుంటుందా అని. 2022లో కార్డీలియా ఎంప్రెస్ అనే క్రూజ్ షిప్ వైజాగ్ వచ్చినప్పుడు మా తమ్ముడు కూడా అదే అడిగాడు, "అక్కా, రోజూ పొద్దున్నే ఒక అరగంట ఈత కొట్టుకోవచ్చా" అని. లేదురా, అది 1990లో కట్టిన షిప్పు, సైజు కూడా ఇప్పటి వాటితో పోలిస్తే చిన్నది, పూల్ మీద ఆశ పెట్టుకోకు, సముద్రం చూడ్డానికి వెళ్ళు అని చెప్పా. ఇప్పుడు ఆ మాటే కాస్త వివరంగా రాస్తున్నా.

మొట్టమొదటి సంగతి, షిప్ మీద పూల్ ఈత కొట్టడానికి కాదు, నీళ్ళల్లో నిలబడ్డానికి. బ్రోషర్‌లో ఫొటో పైనుంచి తీస్తారు, అందులో మనుషులు ఉండరు, నీలంగా పెద్ద చెరువులా కనపడుతుంది. నేను మొదటిసారి దిగినప్పుడు ఏడెనిమిది బారలు వేసేసరికి అవతలి గోడ తగిలింది, అదీ పూల్‌లో ముగ్గురే ఉన్నప్పుడు. సీ డే రోజు, అంటే షిప్ ఏ పోర్టులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజు, మధ్యాహ్నం అయితే బార చాపడానికే చోటుండదు, భుజాలు భుజాలు రాసుకుంటూ నిలబడాలి.

ఎందుకంత చిన్నగా కడతారో తెలిశాక నాకు కోపం పోయింది. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న పూల్ అనుకోండి, దాంట్లో 90 వేల లీటర్లు పడతాయి, అంటే 90 టన్నుల బరువు, సముద్రపు నీళ్ళయితే ఇంకో రెండు టన్నులు ఎక్కువే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఉంటాయి కదా, అలాంటివి 18 తీసుకెళ్ళి పదో అంతస్తు మీద పెట్టినట్టు, అదీ కదిలే బిల్డింగు మీద. అంత బరువు పైన ఉంటే షిప్ నిలకడ తగ్గుతుంది, పైగా నీళ్ళు ఊరికే ఉండవు, షిప్ ఎటు ఒరిగితే అటు పరుగెడతాయి. టైటానిక్‌లో పూల్ ఉండేదని చాలామందికి తెలుసు, అది పైన డెక్ మీద కాదు, షిప్ లోపల బాగా కింద ఉండేది, సుమారు 30 అడుగులకి 14 అడుగులు, దాంట్లోనూ ఉప్పు నీళ్ళే. ఇప్పుడు అందరికీ ఎండలో ఆకాశం కింద పూల్ కావాలి కాబట్టి పైన కడుతున్నారు, పైన కట్టాలంటే చిన్నగానే కట్టాలి. 2024 జనవరిలో మొదలైన రాయల్ కరేబియన్ కంపెనీ షిప్పు ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో ఏడు పూల్స్ ఉన్నాయి, వాటిల్లో పెద్దదానికి 40 వేల గ్యాలన్ల నీళ్ళు, అంటే సుమారు లక్షన్నర లీటర్లు, సముద్రం మీద అదే పెద్ద పూల్ అని వాళ్ళ ప్రచారం. ఒలింపిక్ పూల్‌లో 25 లక్షల లీటర్లు పడతాయి, మీరే లెక్కేసుకోండి.

నీళ్ళ గురించి. చాలా షిప్పుల్లో, ముఖ్యంగా పాతవాటిల్లో, పూల్‌లో ఉండేది ఉప్పు నీళ్ళే, సముద్రం నుంచి తోడి ఫిల్టర్ చేసి క్లోరిన్ కలుపుతారు. పెద్ద కొత్త షిప్పుల్లో కొన్నిట్లో మంచినీళ్ళు ఉంటాయి, ఎక్కేముందు కనుక్కుంటే మంచిది. సముద్రపు నీళ్ళు నేరుగా వచ్చి పోయే పద్ధతి ఉన్న పూల్ అయితే షిప్ తీరానికి 12 నాటికల్ మైళ్ళు (సుమారు 22 కిలోమీటర్లు) దాటి ప్రయాణంలో ఉన్నప్పుడే అలా నడపాలి, తీరం దగ్గరికొస్తే ఆ పద్ధతి ఆపెయ్యాలి. గాల్వెస్టన్ దగ్గర సముద్రం చూసినవాళ్ళకి ఈ రూలు విలువ తెలుస్తుంది, అక్కడ నీళ్ళు టీ రంగులో ఉంటాయి. ఉప్పు నీళ్ళల్లో ఒంటికి తేలిక అనిపిస్తుంది, తేలడం సులువు, కానీ కళ్ళు మండుతాయి, పెదాలు ఎండిపోతాయి, జుట్టు పీచులా అవుతుంది. గాగుల్స్ పట్టుకెళ్ళండి, షిప్ మీద షాపులో కొంటే రేటు వాచిపోతుంది. జుట్టుకి కొబ్బరినూనె రాసుకుని దిగుతామంటారు మన ఆడవాళ్ళు, దయచేసి వద్దు, ఆ నూనె అంతా నీళ్ళ మీద తేలి ఫిల్టర్లలో పేరుకుంటుంది, జడ వేసుకుని క్యాప్ పెట్టుకుంటే సరిపోతుంది.

శుభ్రత సంగతి అందరూ అనుమానంగా అడుగుతారు. అమెరికా పోర్టులకి వచ్చి వేరే దేశాలకి వెళ్ళే షిప్పుల్ని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ వెసల్ శానిటేషన్ ప్రోగ్రామ్ (షిప్పుల శుభ్రత చూసే విభాగం) చెక్ చేస్తుంది, చెప్పకుండా వచ్చి చూస్తారు, వందకి మార్కులు వేస్తారు, 85 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిల్. ఆ మార్కులు అందరూ చూసుకోవచ్చు, నేను బుక్ చేసేముందు ఆ షిప్‌కి వచ్చిన పాత మార్కులన్నీ చూస్తా. పూల్‌లో క్లోరిన్ 1 నుంచి 5 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు అని) మధ్య ఉండాలి, హాట్ టబ్‌లో, అంటే కూర్చునే వేడి నీళ్ళ తొట్టిలో, 3 నుంచి 10. నేను ఐదు డాలర్ల టెస్ట్ స్ట్రిప్స్ డబ్బా ఒకటి బ్యాగులో వేసుకుంటా, ముంచితే రంగు మారి చెప్పేస్తుంది. ఎనిమిది ట్రిప్పుల్లో పూల్ ఎప్పుడూ తప్పు చూపించలేదు, హాట్ టబ్ ఒకసారి సాయంత్రం ఏడింటికి ఇంచుమించు రంగే మారలేదు, పిల్లల్ని దిగనివ్వకుండా తీసుకొచ్చేశా. వేడి నీళ్ళల్లో క్లోరిన్ తొందరగా ఖర్చైపోతుంది, పైగా చిన్న టబ్బులో పన్నెండు మంది చేతిలో డ్రింకుతో గంటలకి గంటలు కూర్చుంటారు. హాట్ టబ్‌లో కూర్చోవాలనుంటే పొద్దున్నే కూర్చోండి. నీళ్ళు 104 ఫారెన్‌హీట్ దాకా ఉండొచ్చు కాబట్టి బీపీ ఉన్న పెద్దవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ డాక్టర్‌ని అడక్కుండా దిగొద్దు.

ఇక చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం. డైపర్ వేసుకునే పిల్లల్ని పూల్‌లోకి రానివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. 2019లో మా చిన్నాడికి ఇరవై నెలలు, నేను రెండు ప్యాకెట్ల స్విమ్ డైపర్లు, గాలి బుడగలు, టోపీ అన్నీ కొనుక్కుని వెళ్ళా, బుక్ చేసిన ఏజెంట్ ఒక్క ముక్క చెప్పలేదు. పూల్ దగ్గర అబ్బాయి చాలా మర్యాదగానే "సారీ మేడమ్" అన్నాడు, మా చిన్నాడేమో నీళ్ళు చూసి చేతులు చాచి ఏడుపు, ఐదు రోజులూ అంతే. చివరికి క్యాబిన్ షవర్‌లో ప్లాస్టిక్ చెంబుతో ఆడించా. కొన్ని షిప్పుల్లో పసిపిల్లల కోసమే విడిగా నీళ్ళు చిమ్మే చిన్న చోటు ఉంటుంది, దాని నీళ్ళు పెద్ద పూల్ నీళ్ళతో కలవవు, డైపర్ పిల్లలు ఉంటే అలాంటి షిప్ చూసి బుక్ చేసుకోండి. ఈ రూలు కఠినంగా అనిపించినా నేను సమర్థిస్తా, ఎందుకంటే ఇంకో ట్రిప్పులో ఎవరో బాబు పూల్‌లోనే దొడ్డికెళ్ళాడు, అందర్నీ బయటికి పంపి సగం రోజు పూల్ మూసేశారు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఈ సంగతే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. 2018 జనవరిలో గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన రెండో రోజు, ఉత్తరం గాలి గట్టిగా ఉంది, కానీ ఎండ కాస్తోంది, పూల్ తెరిచే ఉంది. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు, ఈత వచ్చు, నేను దానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నా. పళ్ళెం నిండా నీళ్ళు పోసుకుని నడిస్తే ఎలా ఒక పక్కకి వెళ్ళి మళ్ళీ రెండో పక్కకి వస్తాయో, పూల్ అంతా అలా ఊగడం మొదలైంది. మొదట్లో పిల్లలందరికీ సరదా, అల వచ్చినప్పుడల్లా కేకలు. ఒక్కో ఊపుకీ అల పెద్దదవుతూ వచ్చింది, నా నడుం దాకా ఉన్న నీళ్ళు ఒక్కసారి మోకాళ్ళ దాకా దిగి, మరుక్షణం మెడ దాకా వచ్చాయి. పాప అంచు పట్టుకుని ఉంది, అల దాన్ని ఎత్తి కింద పడేసినప్పుడు గడ్డం టైలుకి తగిలింది. నేను దాని స్విమ్ సూట్ వెనక పట్టీ పట్టుకుని లాగా, నా అరచేయి గోడకి రాసుకుని చర్మం లేచిపోయింది. గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. ఆ షిప్‌లో లైఫ్‌గార్డ్ లేడు, బోర్డు మాత్రం ఉంది, లైఫ్‌గార్డ్ లేరు, మీ బాధ్యత మీదే అని. తువ్వాళ్ళు ఇచ్చే అబ్బాయి పరుగెత్తుకొచ్చి అందర్నీ బయటికి రమ్మని అరిచాడు, తర్వాత వలకట్టి నీళ్ళు వదిలేశారు. అరగంటలో పూల్ ఖాళీ.

అందుకని, మీ పిల్లలకి ఈత ఎంత బాగా వచ్చినా సరే, షిప్ మీద నీళ్ళు మీ ఊరి పూల్ నీళ్ళ లాంటివి కావు. డిస్నీ వాళ్ళు 2013 నుంచి, రాయల్ కరేబియన్ వాళ్ళు 2017 నుంచి లైఫ్‌గార్డ్‌లని పెట్టారు, అన్ని కంపెనీల్లో లేరు, బుక్ చేసేముందు అడగండి. లైఫ్‌గార్డ్ ఉన్నా పిల్లలు నీళ్ళల్లో ఉన్నంతసేపు ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తూ ఉండాల్సిందే, పది కుటుంబాలు కలిసి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు, ఎవరూ చూడరు. ఇంకొకటి, ఇక్కడ పూల్స్‌లో మెల్లిగా లోతు పెరిగే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు, మెట్టు దిగగానే ఒకేసారి నాలుగున్నర, ఐదడుగులు. అంచు మీద లోతు రాసి ఉంటుంది, దిగేముందు చదవండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, ఎక్కిన రోజు పదకొండుకల్లా లోపలికి వెళ్ళగలిగితే క్యాబిన్లు ఇంకా ఇవ్వరు, జనం అంతా బఫే దగ్గర ఉంటారు, పూల్ ఖాళీ. స్విమ్ సూట్లు చేతి బ్యాగులోనే ఉంచుకోండి, పెద్ద సూట్‌కేసు సాయంత్రానికి గానీ రాదు. రెండో మంచి సమయం పోర్టులో ఆగిన రోజు. కోజుమెల్ ఇప్పటికి నాలుగుసార్లు చూశాం కాబట్టి పోయిన ట్రిప్పులో నేను దిగలేదు, మా ఆయన పిల్లల్ని తీసుకుని బీచ్‌కి వెళ్ళాడు. పొద్దున తొమ్మిదిన్నరకి పూల్‌లో నేనూ, ఇంకో ముసలాయనా అంతే. షిప్ కట్టేసి ఉంది కాబట్టి నీళ్ళు కదలకుండా ఉన్నాయి, వెల్లకిలా తేలుతుంటే చెవుల్లో నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు, పక్కన ఆగిన ఇంకో షిప్ బాల్కనీలో ఎవరో తడి బట్టలు ఆరేస్తున్నారు. ఎనిమిది ట్రిప్పుల్లో నాకు బాగా నచ్చిన గంట అదే. పిల్లలు రాని పెద్దవాళ్ళ పూల్ కూడా చాలా షిప్పుల్లో ఉంది, రాయల్ కరేబియన్‌లో సోలారియం అంటారు, పదహారేళ్ళు నిండినవాళ్ళకే. చలికాలం వెళ్ళేవాళ్ళు, అలాస్కా వెళ్ళేవాళ్ళు పూల్ పైన పక్కకి జరిపే గాజు కప్పు ఉన్న షిప్ చూసుకోండి, హాలండ్ అమెరికా కంపెనీ వాళ్ళకి అలాంటివి ఉన్నాయి, బయట మంచు కొండలు కనపడుతుంటే లోపల వెచ్చగా ఉంటుంది.

బట్టల విషయం మన పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి చెప్పాలి. మా అత్తయ్య కాటన్ పంజాబీ డ్రెస్‌తో దిగబోతే ఆపారు, స్విమ్ బట్టలే ఉండాలన్నారు. ఆవిడ చిన్నబుచ్చుకుని గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుంది, "గోదాట్లో చీరతో మునిగినదాన్ని నేను, ఇదేం నీళ్ళే అమ్మాయ్" అంది. తర్వాతి ట్రిప్పుకి ఫుల్ చేతులు, మోకాళ్ళ కింద దాకా వచ్చే స్విమ్ డ్రెస్ కొన్నాం, దానికి ఎక్కడా ఎవరూ అభ్యంతరం పెట్టలేదు, ఆవిడ పూల్ వదిలి రానంది. మీ అమ్మగారికో అత్తగారికో ఒకటి ముందే కొనండి.

కుర్చీల కోసం మాత్రం ఓపిక కావాలి, పొద్దున ఏడింటికే తువ్వాలు, చెప్పులు పెట్టేసి టిఫిన్‌కి వెళ్ళిపోతారు, పదకొండైనా రారు. సిబ్బందికి చెబితే తీయించి ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి. డెక్ మధ్యాహ్నం కాలిపోతుంది, చెప్పులు వదలొద్దు. పూల్ తువ్వాళ్ళు చాలాచోట్ల షిప్ వాళ్ళు మీకిచ్చిన కార్డు మీద రాసి ఇస్తారు, తిరిగి ఇవ్వకపోతే ఒక్కోదానికి పాతిక డాలర్ల దాకా బిల్లులో వేస్తారు. మాకు ఒకసారి తిరిగి ఇచ్చేసిన తువ్వాలుకే వేశారు, క్యూలో గంట నిలబడితే తీశారు. చివరి రోజు సాయంత్రమే అన్నీ లెక్కపెట్టి ఇచ్చేసి, మీ పేరు మీద ఒక్కటి కూడా లేదని అక్కడే స్క్రీన్ మీద చూపించమని అడగండి.