పన్నెండు గుంతల పోత ఇనుప పెనం: పండుగ చుట్టాలకు తీపీ కారం ఒకే పొంగనంలో

సంక్రాంతి నాటి సాయంత్రం మా ఇంటికి 24 మంది చుట్టాలు వస్తున్నారని తెలిసినప్పుడు, రాత్రి భోజనానికి ముందు చేత్తో పట్టుకొని తినగలిగే వేడి పలహారం ఒకటి పెట్టాలనుకున్నాను. మూడు రోజులుగా అరిసెలు, కజ్జికాయలు, నిప్పట్లు, మురుకులు తింటున్నవారి ముందు మళ్ళీ నూనెలో దేవిన వంటకం పెట్టడానికి మనసొప్పలేదు. మాది అనంతపురం జిల్లా. మా వైపు ఇంటికి ఎవరు వచ్చినా మొదట గుర్తుకు వచ్చేవి గుంత పొంగనాలే. అయితే కారం పొంగనాలు ఒక పళ్ళెంలో, బెల్లం పొంగనాలు మరో పళ్ళెంలో పెట్టడం కాకుండా, కొరకగానే కారం, ఆ వెంటనే తీపి తగిలేలా ఒకే పొంగనంలో రెండు రుచులూ ఉండాలన్నది నా కోరిక. ఆ కోరిక తీరడానికి పండుగకు రెండు నెలల ముందు కొన్న పన్నెండు గుంతల పోత ఇనుప పెనమే ప్రధాన కారణం. రెండు నెలలు వాడి, పండుగ నాడు పది వాయిలు దించిన తర్వాత ఈ పెనం గురించి రాస్తున్నాను.

పెనం వెల 1,650 రూపాయలు. వంటింటి త్రాసు మీద పెడితే 2 కిలోల 800 గ్రాములు తూగింది. మధ్యలో మూడు గుంతలు, వాటి చుట్టూ తొమ్మిది గుంతలు ఉన్నాయి. ఒక్కొక్క గుంత వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు, లోతు రెండు సెంటీమీటర్ల కన్నా కొంచెం ఎక్కువ. ఈ లోతు విషయం కొనేవారు తప్పక చూసుకోవాలి. అంగట్లో దొరికే పలుచని పెనాల్లో చాలావాటికి గుంతలు సాసర్లలా వెడల్పుగా, లోతు లేకుండా ఉంటాయి. వాటిలో పోసిన పొంగనం చిన్న దిబ్బరొట్టె ముక్కలా చదునుగా వస్తుంది తప్ప గుండ్రంగా రాదు, లోపల ఏదైనా పెట్టి మూయడానికి అందులో చోటే ఉండదు.

ఇంతకు ముందు నా దగ్గర నాన్‌స్టిక్ పూత ఉన్న పెనం ఉండేది. రోజూ నాలుగైదు పొంగనాలు వేసుకోవడానికి అది బాగానే పనికి వచ్చింది. పదిమందికి వండవలసి వచ్చినప్పుడు మాత్రం దాని లోపం బయటపడేది. ఒక వాయి దించి చల్లని పిండి పోయగానే పలుచని ఆ రేకు చల్లబడిపోయేది. మంట పెంచితే అడుగు మాడి, లోపల పిండి పచ్చిగా మిగిలేది. పైగా అలాంటి పూతలు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది కనుక ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలి పక్కకు వెళ్ళడానికి లేదు. పోత ఇనుము ఇందుకు పూర్తిగా భిన్నం. అది వేడెక్కడానికి సన్నని మంట మీద ఏడు నిమిషాలు పడుతుంది, కానీ ఒకసారి వేడెక్కిన తర్వాత పన్నెండు గుంతల్లో పిండి పోసినా సెగ తగ్గదు. వాయి తర్వాత వాయి వేయవలసిన పండుగ రోజున ఈ గుణానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

కొన్న రోజు అనుభవం మాత్రం చేదుగా ఉంది. పెట్టె మీద ‘నేరుగా వాడుకోవచ్చు, ముందే నూనె పట్టించినది’ అని రాసి ఉంది. ఆ మాట నమ్మి, కడిగి, నూనె వేసి మొదటి వాయి పోశాను. పన్నెండింటిలో ఒక్కటి కూడా పూర్తిగా లేవలేదు. అట్లకాడ మొనతో గీకి తీస్తే తునకలైపోయాయి. గుంతల లోపల వేలితో తడిమితే పోత పోసేటప్పటి ఇసుక గరుకు అలాగే తెలుస్తోంది, ఒక గుంతలోనైతే ఆవగింజంత బొడిపె కూడా ఉంది. ఇంత వెల తీసుకున్నవారు గుంతలను నున్నగా గీసి ఇవ్వవలసింది. అది చేయనప్పుడు కనీసం పెనానికి నూనె పట్టించి అంటుకోకుండా చేసుకునే పద్ధతినైనా ఒక కాగితం మీద రాసి ఇవ్వవలసింది. ఆ రెండూ లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే అలవాటు లేనివారు ఆ మొదటి వాయి చూసి పెనాన్ని అటక మీద పడేస్తారు.

నేను మా అమ్మ పద్ధతి పాటించాను. సన్నని గరుకు కాగితంతో ప్రతి గుంతనూ రుద్ది, కడిగి, మూడు రాత్రులు గంజి పోసి ఉంచాను. ప్రతి ఉదయం ఆ గంజి పారబోసి, కడిగి, పొయ్యి మీద ఆరబెట్టాను. నాలుగో రోజు నుంచి నువ్వుల నూనె పలుచగా పూసి, పొగ లేచే దాకా కాచి, చల్లారనిచ్చి, గుడ్డతో తుడిచాను. రెండు రోజుల్లో ఇలా ఐదుసార్లు చేశాక గుంతలు నల్లగా నిగనిగలాడాయి. నూనె ఎక్కువ పూస్తే బంక కడుతుంది కనుక పూసిన తర్వాత పొడి గుడ్డతో తుడిచేసినంత పలుచగా మాత్రమే ఉండాలి. దోసె పెనానికి రుద్దినట్టు సగం ఉల్లిగడ్డ ఈ గుంతల్లో పట్టదు. ఇక్కడ వంకాయ తొడిమ చాలా బాగా పనిచేస్తుంది. తొడిమను కాస్త గుజ్జుతో కోసి, నూనెలో ముంచి గుంతలో ఒక చుట్టు తిప్పితే అంచు దాకా సమంగా నూనె పడుతుంది, ఒక్క చుక్క కూడా వృథా కాదు.

ఇక తీపి, కారం కలిపే విషయం. మొదట నేను బెల్లాన్ని కరిగించి, వడకట్టి పిండిలోనే కలిపి, దానిలో పచ్చిమిర్చి తరుగు వేసి చూశాను. రుచి ఎటూ కాకుండా పోయింది. అంతకన్నా పెద్ద చిక్కు పెనంతో వచ్చింది: బెల్లం ఇనుముకు నేరుగా తగిలితే త్వరగా నల్లబడి, గుంతలో పాకంలా అంటుకుంటుంది, ఆ మరక మాడి తర్వాతి వాయికి కూడా చేదు పట్టిస్తుంది. విడిగా బెల్లం పొంగనాలు చేసేవారు కూడా ఈ కారణం వల్లనే కారంవి ముందు దించుకొని, బెల్లంవి చివరికి పెట్టుకోవడం మంచిది. కాబట్టి తీపిని ఇనుముకు తగలనివ్వకుండా పిండి మధ్యలో దాచడమే మార్గమని తోచింది. బూరెల్లో పూర్ణం పెట్టినట్టుగా, కారం పిండి మధ్యలో కొబ్బరి లౌజు పెట్టాను.

పిండికి మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు, గుప్పెడు అటుకులు, ఒక చెంచా మెంతులు నానబెట్టి రుబ్బుకున్నాను. జనవరి చలిలో పిండి పొంగడానికి ఎనిమిది గంటలు సరిపోలేదు. గిన్నెను దుప్పటిలో చుట్టి పద్నాలుగు గంటలు ఉంచవలసి వచ్చింది. పిండి దోసె పిండి కన్నా చిక్కగా, ఇడ్లీ పిండి కన్నా కాస్త జారుగా ఉండాలి. దానిలో పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు సన్నగా తరిగి వేసి, ఆవాలు, జీలకర్ర, నానబెట్టిన శనగపప్పు, ఇంగువతో పోపు పెట్టి కలిపాను. ఉల్లిపాయ మాత్రం వేయలేదు, ఎందుకంటే దాని వాసన కొబ్బరి, యాలకుల వాసనతో పొసగదు. లౌజుకు ఒక కొబ్బరికాయ తురుము, దాని తూకంలో ముప్పాతిక వంతు బెల్లం కలిపి ఉండ కట్టే దాకా ఉడికించి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి, చల్లారాక చిన్న రేగుపండంత ఉండలు చేసుకున్నాను.

అసలు నేర్పంతా పోయడంలో ఉంది. గుంతలో సగానికి పిండి పోసి, అడుగున పొర గట్టిపడటానికి ఇరవై సెకన్లు ఆగాలి. ఆ తర్వాత ఉండను మధ్యలో నొక్కకుండా వదిలి, పైన మరో చెంచా పిండితో కప్పాలి. తొందరపడి ముందే పెడితే ఉండ అడుగుకు దిగి ఇనుమును తాకుతుంది. నా మొదటి ప్రయత్నంలో పన్నెండింటిలో నాలుగు అలాగే మాడాయి. పిండి అంచు దాకా నింపితే తిప్పేటప్పుడు పొంగనం చిట్లి లౌజు బయటికి వస్తుంది. మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచితే అంచులు గుంత నుంచి తమంతట తామే విడివడతాయి. అప్పుడు పుల్లతో ఒక పక్క గుచ్చి పైకి లేపితే పొంగనం దానంతటదే తిరగబడుతుంది. రెండో వైపుకు రెండు నిమిషాలు చాలు. వేడి పొంగనాన్ని విరిచి చూస్తే బయట బంగారు రంగు కరకర పొర, దాని లోపల గూళ్ళు గూళ్ళుగా తెల్లని పిండి, నట్టనడుమ తడితడిగా గోధుమ రంగు లౌజు కనిపిస్తాయి. మిరపకాయ మంట నాలుకకు తగిలిన క్షణానికే బెల్లం దాన్ని చల్లారుస్తుంది.

ఈ పెనం విషయంలో తెలుసుకోవలసిన మరో సంగతి సెగ పంపకం. అల్యూమినియం కన్నా ఇనుము వేడిని నెమ్మదిగా పంచుతుంది కనుక మధ్యనున్న మూడు గుంతలు ముందే కాగిపోతాయి, చివరి గుంతలు వెనుకబడతాయి. అందుకే బయటి తొమ్మిదింటిలో ముందు పోసి, మధ్యవాటిలో చివర పోసి, తీసేటప్పుడు మధ్యవి ముందు తీయాలి. పొయ్యి చిన్నదైతే వాయి మధ్యలో ఒకసారి పెనాన్ని పావు చుట్టు తిప్పడం కూడా అవసరం. ఈ క్రమం చేతికి అలవాటయ్యాక ఒక వాయికి ఏడు నిమిషాలకు మించి పట్టలేదు.

పండుగ నాడు మనిషికి ఐదు చొప్పున 120 పొంగనాలు, అంటే పది వాయిలు వేశాను. డెబ్బై నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడవలసి వచ్చింది. చల్లారిన పొంగనానికి పైపొర మెత్తబడుతుంది కనుక ముందే చేసి పెట్టుకునే వీలు లేదు. గ్యాసు పొయ్యిని వెనుక వరండాలోకి మార్చి, వాయి దిగగానే పళ్ళెం అందరి మధ్యకూ వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాను. పక్కన మా వైపు వేరుశనగ చట్నీ పలుచగా, కారం తగ్గించి పెట్టాను. అల్లం పచ్చడి కూడా చేశాను కానీ దానిలోనూ బెల్లం ఉండటం వల్ల తీపి మీద తీపి అయింది. ఉత్త కారం పొంగనాలకైతే అది చక్కని జోడు. మా పెద్దమ్మ మొదట కారం పిండిలో లౌజు ఏమిటని చేయి చాపలేదు, పిల్లలు తింటుంటే చూసి ఒకటి తీసుకొంది, ఆ తర్వాత తానే పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చొని మూడో వాయి నుంచి ఉండలు అందించింది.

పెనంలోని మిగిలిన లోపాలు కూడా చెప్పాలి. రెండు పక్కలా ఉన్న చెవులు మరీ చిన్నవి, రెండు వేళ్ళు మాత్రమే పడతాయి. మందపాటి గుడ్డతో పట్టుకుంటే జారే భయం ఉంటుంది. మూత ఇవ్వలేదు, నేను ఇంట్లో ఉన్న మూకుడు బోర్లించి వాడుతున్నాను. గుంతల అడుగులు కిందికి పొడుచుకొని ఉండటం వల్ల ఇది గ్యాసు పొయ్యి మీద తప్ప ఇండక్షన్ పొయ్యి మీద పనికిరాదు. కడిగి తడి మీద వదిలితే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది, పుల్లటి పిండిని దానిలో నిలవ ఉంచితే నూనె పొర పోతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారు ఏడు గుంతల చిన్న పెనం తీసుకోవడం మంచిది.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఇక్కడి నుంచి ఇంత బరువు మోసుకుపోలేక అక్కడే డెన్మార్క్ వారి ఎబిల్‌స్కివర్ పెనం కొనుక్కొంది. డెన్మార్క్‌లో క్రిస్మస్ రోజుల్లో ఆ గుండ్రని తీపి అప్పాలను చేసి, పండ్ల జామ్, చక్కెర పొడితో తింటారు. దానికి సాధారణంగా ఏడు గుంతలే ఉంటాయి, మన పెనం కన్నా అవి పెద్దవి. అందువల్ల లౌజు ఉండను ఉసిరికాయంత చేసి, మంట ఇంకా తగ్గించి, మూత పెట్టి నాలుగు నిమిషాలు ఉంచవలసి వచ్చిందని చెప్పింది.

వెళ్ళేటప్పుడు పెద్దమ్మ వచ్చే సంక్రాంతికి లౌజు బదులు నువ్వుల చిమ్మిలి పెట్టి చూడమంది. నేను అంతవరకు ఆగకుండా ఈ వారమే ఆరు గుంతల్లో లౌజు, ఆరింటిలో చిమ్మిలి పెట్టి చూశాను. చిమ్మిలి కరిగి పక్కకు కారలేదు, నువ్వుల కమ్మదనం కారానికి కొబ్బరి కన్నా బాగా నప్పింది, అయితే లౌజులో ఉండే తడి దానిలో లేక లోపల పొడిపొడిగా అనిపించింది. రేపటి వాయికి చిమ్మిలి దంచేటప్పుడు రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు పచ్చి కొబ్బరి కలుపుతున్నాను.