రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనేవారికి జాగ్రత్త: అందులో ఉన్నది ప్రివ్యూ విండోస్ కావచ్చు

విశాఖపట్నంలో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్న వారిని హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి కోసం ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో 27,500 రూపాయలకు ల్యాప్‌టాప్ తీసుకున్నాను. "అందరికంటే ముందు వచ్చే కొత్త విండోస్ వేసి ఇస్తున్నాం సార్" అని వారు చెబితే, అది మనకు మంచిదే కదా అనుకున్నాను. వారు వేసినది మైక్రోసాఫ్ట్ ఇంకా పరీక్షిస్తున్న ప్రివ్యూ బిల్డ్ అని తెలుసుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

మొదటి వారంలోనే యంత్రం క్రాష్ కావడం మొదలైంది. తెర ఒక్కసారిగా ఆకుపచ్చగా మారి, కొన్ని క్షణాలకు రీస్టార్ట్ అయ్యేది. దుకాణానికి తీసుకెళ్తే, మేము ఉండేది ఎంవీపీ కాలనీలో అని తెలియగానే ర్యామ్ పిన్నులకు సముద్రపు గాలి పట్టిందన్నారు. కిటికీ ఊచలు, ఫ్యాన్లు తుప్పు పట్టడం రోజూ చూసే ఈ ఊళ్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మి, 1,900 రూపాయలు ఇచ్చి కొత్త ర్యామ్ వేయించాను. క్రాష్‌లు మాత్రం ఆగలేదు.

ఆ తెర రంగులోనే సమాధానం ఉందని తరువాత తెలిసింది. ప్రజలకు విడుదలైన విండోస్‌లో క్రాష్ తెర ఎన్నో ఏళ్లు నీలంగా ఉండి, 2025లో నలుపుకు మారింది; ఇన్‌సైడర్ (విడుదలకు ముందే విండోస్‌ను పరీక్షించేవారి కోసం మైక్రోసాఫ్ట్ నడిపే కార్యక్రమం) ప్రివ్యూ బిల్డ్‌లలో మాత్రం 2016 చివరి నుంచి అది ఆకుపచ్చగా వస్తోంది. మీరు కొన్న యంత్రంలో ఆకుపచ్చ తెర కనిపిస్తే, ర్యామ్ మార్చడానికి డబ్బు ఇచ్చే ముందు ఏ బిల్డ్ ఉందో చూడండి.

అయినా ఊహ మీద ఆధారపడకూడదని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడి సాయంతో వరుసగా పరీక్షించాను. సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. క్రాష్ జరిగినప్పుడు అందులో ఒక చిన్న ఫైల్ పడుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబగ్ (WinDbg) అనే ప్రోగ్రామ్‌తో ఆ ఫైళ్లను తెరిస్తే, ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపించే ప్రోగ్రామ్), ఇంకోసారి వైఫై డ్రైవర్, మరోసారి విండోస్ కెర్నల్ (విండోస్ మూలభాగం) కారణంగా కనిపించాయి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తే దాన్ని మారిస్తే సరిపోవచ్చు. పేరు మారుతూ ఉంటే ముందుగా ర్యామ్‌ను అనుమానించాలి కాబట్టి, రాత్రంతా మెమరీ పరీక్ష నడిపాము. ఒక్క తప్పు కూడా రాలేదు. అప్పుడు మిగిలిన అనుమానం వారు వేసిన విండోస్ మీదే.

అన్నిటికంటే బాధ కలిగించినది ఆ తరువాత జరిగింది. అవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లబోతే, 48 అంకెల బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడిగింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేని రూపంలోకి మారి), కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. ఈ యంత్రాన్ని ఇన్‌సైడర్‌లో నమోదు చేసినది దుకాణం వారి ఖాతా; కీ వెళ్లినది కూడా అందులోకే. ఆ ఖాతా ఎవరిదో తమకు గుర్తు లేదని వారు చెప్పారు. రెండు నెలల ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు నివేదిక పోయాయి. మా అమ్మాయి వాటిని మళ్లీ రాయవలసి వచ్చింది.

మా యంత్రం ఇన్‌సైడర్‌లో అన్నిటికంటే తొలి దశ బిల్డ్‌లు వచ్చే కెనరీ ఛానల్‌లో ఉండేది. అక్కడి నుంచి మామూలు విండోస్‌కు రావాలంటే పూర్తిగా ఫార్మాట్ చేసి మళ్లీ వేయడం తప్ప మార్గం లేకపోయింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విడుదలైన విండోస్ సిద్ధం చేసుకొని వేశాము. లైసెన్స్ యంత్రానికే ముడిపడి ఉన్నందున యాక్టివేషన్ తనంతట తానే జరిగింది. తొమ్మిది వారాలుగా ఒక్క క్రాష్ కూడా లేదు.

అందువల్ల డబ్బు ఇచ్చే ముందు, దుకాణంలోనే విండోస్ మీటతో ఆర్ నొక్కి, 'విన్‌వర్' (winver) అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఎంటర్ నొక్కి చూడండి. 'ఎవాల్యుయేషన్ కాపీ' (Evaluation copy, అంటే పరీక్ష కోసం ఇచ్చిన ప్రతి) అనే మాట, గడువు తేదీ కనిపిస్తే ఆ యంత్రాన్ని అలాగే తీసుకోవద్దు. డెస్క్‌టాప్‌పై కుడివైపు అడుగున సన్నని అక్షరాలలో కూడా ఆ మాట ఉంటుంది. నేను దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు. సెట్టింగ్స్‌లో ఎవరి ఖాతా ఉందో చూసి, మీ ఎదుటే తీసేయించండి. వేసిన విండోస్ ఏదో బిల్లులో రాయించుకోండి. నా బిల్లులో మోడల్ పేరు, ధర తప్ప మరేమీ లేకపోవడం వల్లనే, ర్యామ్ డబ్బు తిరిగి అడిగినప్పుడు వారు సులభంగా కాదనగలిగారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు.

ఇప్పటికే ఇలాంటి యంత్రం కొన్నవారు ఈ రోజే గడువు తేదీ చూసుకోండి. గడువు దాటిన ప్రివ్యూ బిల్డ్ పదే పదే రీస్టార్ట్ అవుతూ, చివరకు మొదలు కావడమే మానేస్తుంది. ఫైళ్లు తెరుచుకుంటున్నప్పుడే వాటిని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.